ఆఫీసు బిల్లుల మెయిళ్లు తిరిగొస్తున్నాయి: ఎవరి కంప్యూటర్‌లోనో వైరస్ ఉంటే మమ్మల్ని ఆపడం ఏమిటి?

లెక్కల_పుస్తకం
విజయవాడలో నలుగురం పనిచేసే చిన్న అకౌంట్ల ఆఫీసు మాది. సోమవారం నుంచి మేం పంపే బిల్లుల్లో సగానికి పైగా తిరిగొస్తున్నాయి. తిరిగొచ్చిన మెయిల్లో 550 అనే అంకె, దాని పక్కన మా ఐపీ చిరునామా (నెట్‌లో కనెక్షన్‌ను గుర్తుపట్టే అంకెలు), అది స్పామ్‌హౌస్ జాబితాలో ఉంది కాబట్టి తీసుకోము అని ఒక వాక్యం. స్పామ్‌హౌస్ ఎవరో నాకు తెలియదు, నేనెవరో వారికి తెలియదు. 20వ తేదీ జీఎస్టీ రిటర్ను 3బీ గడువు నెత్తి మీద ఉంది.

ఇది చాలదన్నట్టు తెనాలిలోని పాత క్లయింటు ఒకరు ఫోను చేసి, "మీరు పంపిన జిప్ ఫైలు తెరిచినప్పటి నుంచి మా కంప్యూటర్ పనిచేయడం లేదు" అని కేకలేశారు. మేం ఏ జిప్పూ పంపలేదు. పంపిన మెయిళ్లన్నీ వెతికాను, అలాంటిది లేదు. చెబితే ఆయన నమ్మరు. "మీ పేరే కనిపిస్తోంది కదా" అంటారు.

మా కాంప్లెక్సులో అన్ని అంతస్తులకూ ఒకే కేబుల్ ఆయన నెట్ ఇస్తారు. కింద కోచింగ్ సెంటర్, పక్కన ట్రావెల్స్, పైన హాస్టల్. ఆయనకు ఫోను చేస్తే "నెట్ వస్తోంది కదండీ, ఇంకేం కావాలి" అని పెట్టేశారు. ఎవరో వైరస్ తెచ్చుకుంటే మా బిల్లులు ఆపడం ఏ న్యాయం? ఇప్పుడు ఎవరి కాళ్లు పట్టుకోవాలి?

రాత్రి_షిఫ్టు
కాళ్లు పట్టుకునే ముందు రెంటినీ విడదీయండి. బిల్లులు తిరిగిరావడం ఒక గొడవ, మీ పేరుతో వైరస్ వెళ్లడం ఇంకో గొడవ. సంబంధం ఉండవచ్చు, లేకపోవచ్చు. ముందు ఒక పని చేయండి. రౌటర్ సెట్టింగుల పేజీ తెరిచి వాన్ (బయటి నెట్ వైపు) అని ఉన్నచోట ఏ అంకెలున్నాయో చూడండి. తరువాత గూగుల్‌లో మీ ఐపీ ఎంతో వెతకండి. రెండూ ఒకటేనా?

ఉప్పుచేప
హాస్టల్ పిల్లలను మాత్రం అనుమానించకండి. పాపం, వారికి సినిమాలు దించుకోవడానికే టైము చాలదు.

లెక్కల_పుస్తకం
ఒకటి కాదు. రౌటర్‌లో 100.72తో మొదలవుతోంది. బయట చూపించేది 103తో మొదలయ్యే వేరే అంకె. తిరిగొచ్చిన మెయిల్లో ఉన్నది ఆ రెండోదే.

రాత్రి_షిఫ్టు
అయితే విషయం తేలినట్టే. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అంకెలను 2012లో ప్రత్యేకించి ఇందుకే పక్కన పెట్టారు. ఇంటర్నెట్ ఇచ్చేవారు తమ ఖాతాదారులకు లోపలి వాడకానికి ఆ అంకెలు పంచి, బయటికి వెళ్లేటప్పుడు అందరినీ కొద్దిపాటి అసలు చిరునామాల మీదుగా పంపుతారు. సీజీనాట్ అంటారు. కాబట్టి మీకు కనిపించే 103 అంకె మీ ఆఫీసుది కాదు, మీ కాంప్లెక్సుది కూడా కాదు. మీ పేటలో ఎన్నో ఇళ్లు, దుకాణాలు దాని వెనకే ఉండి ఉంటాయి. అందులో ఒక్క కంప్యూటర్‌లో వైరస్ ఉండి రాత్రంతా చెత్త మెయిళ్లు పంపినా, బయటివారికి కనిపించేది ఆ ఒక్క 103 అంకే.

మీరు హాస్టల్ పిల్లలను నిలదీసి లాభం లేదు. ఆ కంప్యూటర్ రెండు వీధుల అవతల ఎక్కడైనా ఉండవచ్చు.

లెక్కల_పుస్తకం
మరీ మంచిది. ముక్కూ మొహం తెలియనివాడి తప్పుకు నేను జరిమానా కట్టాలన్నమాట. అపార్ట్‌మెంటులో ఒకడు దొంగ అని తెలిస్తే అందరికీ పాల ప్యాకెట్లు ఆపేసినట్టుంది.

తీగల_మనిషి
భీమవరం దగ్గర నేనూ కేబుల్ నెట్ ఇస్తాను కాబట్టి అటువైపు మాట కూడా వినండి. ఈ పాత పద్ధతి చిరునామాలు ప్రపంచం మొత్తానికి కలిపి సుమారు 430 కోట్లు. 2011 ఫిబ్రవరి 3న వాటి చివరి మూటలను ఖండాలవారీ సంస్థలకు పంచేశారు. మన వైపు పంచే ఏపీనిక్ దగ్గర కూడా ఆ ఏప్రిల్ నాటికే మిగిలింది చివరి మూట. అదే 103. కొత్తగా వచ్చిన ప్రతి సంస్థకూ అందులోంచి 1,024 మించి ఇవ్వకూడదని అప్పుడు నియమం పెట్టారు. 2019లో దాన్ని 512 చేశారు. ఇక నాలాంటి చిన్నవాడు పెద్ద సంస్థ దగ్గర తీసుకుంటాడు, వారిచ్చేది గుప్పెడు. ఇంటికొకటి ఎక్కడి నుంచి తేవాలి?

నెలకు కాస్త ఎక్కువ ఇస్తే స్టాటిక్ ఐపీ, అంటే ఒక్కరికే ఉండే మారని చిరునామా ఇస్తాం అని చెబుతాం. "అదేమిటి, ఇంకో దోపిడీ" అంటారు.

అత్తిలి_అబ్బాయి
కొత్త పద్ధతి చిరునామాలు, ఐపీవీ6, వచ్చి ఎన్నేళ్లయింది? చిరునామాల కరువు ఎప్పుడో తీరింది కదా.

తీగల_మనిషి
నేను ఇస్తున్నాను. ఫోన్లలో ఎప్పుడో మామూలైపోయింది. 2016లో జియో వచ్చింది మొదలు దేశంలో ఐపీవీ6 వాడకం బాగా పెరిగింది. కానీ ఇంట్లో పదేళ్ల నాటి రౌటర్ పెట్టుకుని, దాన్ని మార్చమంటే "బాగానే వెలుగుతోంది కదా" అనేవారితో ఏం చేయాలి? పైగా మెయిల్ సర్వర్లు చాలావరకు ఇంకా పాత చిరునామాలతోనే మాట్లాడుకుంటాయి.

పాత_మోడెం
వైరస్ మెయిళ్ల మాట వచ్చింది కాబట్టి ముసలివాడి గోల కాస్త భరించండి. 2000 మే 4న ఐ లవ్ యూ అనే మెయిలు మనీలా నుంచి బయలుదేరి ఒక్క రోజులో ప్రపంచం చుట్టేసింది. నేను అప్పుడు అబిడ్స్‌లో ఒక ఆఫీసులో సిస్టమ్స్ చూసేవాణ్ణి. మా జనరల్ మేనేజర్ గారికి ఆయన కింద పనిచేసే స్టోర్స్ గుమాస్తా నుంచి ప్రేమలేఖ వచ్చింది. గుమాస్తాకు మీసాలున్నాయి. మేనేజర్ గారు దాన్ని తెరిచారు. తెరిచిన మరుక్షణం ఆయన అవుట్‌లుక్‌లో ఉన్న చిరునామాలన్నిటికీ ఆయన పేరుతో అదే ప్రేమలేఖ వెళ్లింది, ఢిల్లీ పెద్దాఫీసు సహా.

ఆ జతచేసిన ఫైలు పేరు చూస్తే చివర టీఎక్స్‌టీ అని కనిపించేది. అసలు చివర వీబీఎస్ అని, అంటే తెరిస్తే నడిచే ప్రోగ్రామ్ అని చెప్పే ఇంకో తోక ఉంది, విండోస్ దాన్ని దాచేసేది. ఆ దాచే అలవాటు ఇప్పటికీ మారలేదు, మనమే సెట్టింగుల్లోకి వెళ్లి తీసేయాలి. తెనాలి ఆయన తెరిచిన జిప్ లోపలి ఫైలుకు కూడా పీడీఎఫ్ తరువాత ఇంకో తోక ఉంటుందని పందెం.

ఉప్పుచేప
గుమాస్తాకు ప్రమోషన్ వచ్చిందా?

పాత_మోడెం
బదిలీ వచ్చింది. వైరస్ వల్ల కాదులెండి.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ఐ లవ్ యూ వైరస్ అంటించుకున్నవాడి పేరుతోనే వెళ్లేది, కాబట్టి ఎవరిది అంటుకుందో తెలిసేది. ఆ తరువాత వచ్చిన క్లెజ్ అలా కాదు. అది ఒకరి కంప్యూటర్‌లో దూరి, అందులో దొరికిన చిరునామాల్లో ఒకదాన్ని పంపినవారిగా, ఇంకోదాన్ని అందుకునేవారిగా పెట్టేది. అంటే రాజు కంప్యూటర్ పాడైతే, రమణ పేరుతో రహీముకు వెళ్లేది. రహీము రమణను తిట్టేవాడు. రాజు హాయిగా టీ తాగేవాడు. 2002 అంతా ఈ తిట్లతోనే గడిచింది మాకు.

రాత్రి_షిఫ్టు
పాత_మోడెం గారు చెప్పిన రెండో రకమే లెక్కల_పుస్తకం గారి కథలా ఉంది. ఈమెయిల్ పంపే పద్ధతి 1982లో రాసుకున్నది. పంపేవాడు తన పేరు ఏం చెబితే అది నమ్మడమే దాని స్వభావం. కవరు వెనక ఫ్రమ్ అని ఎవరి అడ్రసు రాసినా పోస్టు పెట్టె మింగేస్తుంది కదా, ఇదీ అంతే.

తెనాలి ఆయన దగ్గర ఆ మెయిలు ఇంకా ఉంటే దాని పూర్తి హెడర్ (అది ఏ దారిన వచ్చిందో చెప్పే వరుసలు) తీయించండి. రిసీవ్డ్ అని మొదలయ్యే వరుసలు ఉంటాయి, కింది నుంచి పైకి చదవాలి. పైన ఉండేవి ఆయన మెయిల్ సంస్థ సర్వర్ రాసినవి, అవి నమ్మవచ్చు. కిందికి వెళ్లేకొద్దీ దొంగ రాసినవి కూడా ఉండవచ్చు.

దోహా_గోదావరి
చిరునామా పంచుకోవడం వల్ల వచ్చే తంటా గురించి గల్ఫ్‌లో ఉన్నవారిని అడగండి. 2007 కొత్త సంవత్సరం వేళకు వికీపీడియాలో ఒక నిర్వాహకుడు అల్లరి చేస్తున్న ఒక ఐపీ చిరునామాను నిరోధించాడు. తీరా చూస్తే ఖతార్ దేశం ఇంటర్నెట్ అంతా దాదాపు ఆ ఒక్క చిరునామా మీదుగానే వెళ్తోంది. అప్పట్లో ఇక్కడ నెట్ ఇచ్చే సంస్థ ఒక్కటే, అందరినీ ప్రాక్సీ అనే ఒకే మధ్యవర్తి సర్వర్‌లోంచి పంపేది. లాగిన్ లేకుండా దిద్దుబాటు చేద్దామనుకున్న దేశం దేశమంతా ఆగిపోయింది. వికీపీడియా ఖతార్‌ను నిషేధించిందని పత్రికల్లో కూడా వచ్చింది. సంగతి తెలిశాక తీసేశారు.

నేను అప్పటికి వచ్చిన కొత్త. మా క్యాంపులో కరీంనగర్, నిజామాబాద్ వాళ్లం చాలామందిమి. ఇంటర్నెట్ కేఫ్‌లో ఒకడు ఏదైనా చాట్ గదిలో బూతులు తిడితే మరునాడు మాకెవరికీ ఆ గది తెరుచుకునేది కాదు. తిట్టినవాడు మాత్రం పక్క కేఫ్‌కు వెళ్లి మళ్లీ తిట్టేవాడు.

అత్తిలి_అబ్బాయి
దేశాన్నంతా ఒక్క బటన్‌తో ఆపేశాడా! ఆయనకు ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగం ఇవ్వాలి.

కాలేజీ_మెయిలు
అందరూ అడ్డుకునేవారినే తిడుతున్నారు కాబట్టి అటువైపు ఒకడుంటే బాగుంటుంది. ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మెయిల్ సర్వర్ చూసుకుంటాను. స్పామ్‌హౌస్ 1998లో లండన్‌లో మొదలైన సంస్థ. వారు ఎవరి మెయిలూ ఆపరు. జాబితా ఇస్తారు, ఆపేది నాలాంటివాళ్లం. ఎందుకు ఆపుతామో తెలియాలంటే ఒక పూట ఆ జాబితా తీసేసి చూడండి. పరీక్షల ఫలితాల రోజుల్లో మా వాళ్లు ఒకసారి బలవంతాన తీయించారు. మధ్యాహ్నానికి ప్రిన్సిపాల్ గారి ఇన్‌బాక్సులో లాటరీలు, మందులు, నకిలీ కొరియర్ రసీదులు నిండిపోయి, వర్సిటీ నుంచి వచ్చిన అసలు మెయిలు ఎక్కడుందో ఆయనకే దొరకలేదు. సాయంత్రం ఆయనే ఫోను చేసి మళ్లీ పెట్టించారు.

లెక్కల_పుస్తకం గారూ, ఆ తిరిగొచ్చిన మెయిల్లో పీబీఎల్ అని ఉందా, ఎక్స్‌బీఎల్ అని ఉందా? పీబీఎల్ అయితే మిమ్మల్ని ఎవరూ నేరస్థుడు అనలేదు. "ఇది ఇంటి కనెక్షన్ల చిరునామా, ఇక్కడి నుంచి మెయిళ్లు నేరుగా రాకూడదు" అని మాత్రమే. ఎక్స్‌బీఎల్ అయితే ఆ చిరునామా వెనక వైరస్ పట్టిన యంత్రం ఉందని.

లెక్కల_పుస్తకం
ఎక్స్‌బీఎల్ అనే ఉంది. అయ్యా, మీ ప్రిన్సిపాల్ గారి ఇన్‌బాక్సు శుభ్రంగా ఉండటం కోసం నా జీతాలు ఆగాలా? తప్పు చేసినవాడిని వెతికి పట్టుకోలేక అందరినీ గోడ అవతల నిలబెట్టి, దానికి భద్రత అని పేరు. నా మాట వినే మనిషి ఒక్కడైనా లేడు ఆ జాబితా వెనక.

కాలేజీ_మెయిలు
మీ కోపం అర్థమైంది, కానీ ఒక ప్రశ్నకు జవాబు చెప్పండి. మామూలుగా ఆఫీసు మెయిలు మీ మెయిలు నడిపే హోస్టింగ్ సంస్థ సర్వర్ నుంచి వెళ్లాలి. అప్పుడు అవతలివాడికి కనిపించేది ఆ సర్వర్ చిరునామా. ఆ 103 చిరునామా అతడికి కనిపించిందంటే మీ ఆఫీసులో ఏదో యంత్రం హోస్టింగ్ వారి దగ్గరికి పోకుండా నేరుగా బయటికి మెయిలు పంపుతోంది. ఏమిటది? మీరు చేత్తో టైపు చేసి పంపినవి కూడా తిరిగొస్తున్నాయా?

రాత్రి_షిఫ్టు
మంచి ప్రశ్న. నేను అడగవలసింది.

లెక్కల_పుస్తకం
చేత్తో పంపినవి వెళ్తున్నాయి. ఇప్పుడే చూసుకున్నాను. తిరిగొచ్చినవన్నీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తనంతట తాను పంపినవే. అది పెట్టిన కుర్రాడు ఉద్యోగం మానేసి కెనడా వెళ్లిపోయాడు.

ఉప్పుచేప
మన రాష్ట్రంలో ప్రతి సాఫ్ట్‌వేర్ వెనకా కెనడా వెళ్లిన కుర్రాడు ఒకడుంటాడు.

కాలేజీ_మెయిలు
దొరికింది. ఆ సాఫ్ట్‌వేర్ 25వ పోర్టు (యంత్రాలు మాట్లాడుకునే తలుపు నంబరు) మీదుగా అవతలి సర్వర్లతో నేరుగా మాట్లాడుతోంది. వైరస్ పట్టిన కంప్యూటర్లు చేసేదీ అదే పని. 2003 నాటి సోబిగ్ లాంటి వైరస్‌లు ఎప్పటి నుంచో మెయిలు పంపే ఇంజిన్‌ను తమ కడుపులోనే పెట్టుకుని వస్తున్నాయి. బయటి నుంచి చూసేవాడికి మీ బిల్లూ, ఆ చెత్తా ఒకే తలుపులోంచి వచ్చినట్టే ఉంటుంది. సెట్టింగుల్లో మీ హోస్టింగ్ సర్వర్ పేరు, 587వ పోర్టు, మీ యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టించండి. ఈ రోజే పని అయిపోతుంది. జాబితాలోంచి పేరు తీయించుకోనక్కరలేదు.

ఇక తీగల_మనిషి గారికి ఒక చురక. ఇళ్ల కనెక్షన్లకు 25వ పోర్టు అసలు ఎందుకు తెరిచి ఉంచాలి? ప్రపంచమంతా మూసేసి ఎన్నేళ్లయిందో! మీరు మూస్తే ఆ పేటలో వైరస్ ఉన్న యంత్రం ఒక్క మెయిలూ నేరుగా బయటికి పంపలేదు, ఆ మెయిళ్ల వల్ల చిరునామా జాబితాకు ఎక్కదు.

తీగల_మనిషి
మూశాను ఒకసారి. మర్నాడు నలుగురు రొయ్యల చెరువుల వాళ్లు వచ్చి కూర్చున్నారు. కెమెరా డబ్బాలు రాత్రిపూట ఎవరైనా గట్టు మీద నడిస్తే మెయిలు పంపుతాయట, అవి ఆగిపోయాయి. ఆ డబ్బాలకు 25 తప్ప వేరే తెలియదు. చెరువులో దొంగలు పడితే నష్టం ఎవరు భరిస్తారని అడిగారు. తెరిచేశాను.

కాలేజీ_మెయిలు
ఆ నలుగురికి తెరిచి మిగతా వారికి మూయవచ్చు కదా. కుదరదనకండి, మీ సీజీనాట్ పెట్టెలో కుదురుతుంది.

తీగల_మనిషి
కుదురుతుంది. చేసేవాడు కావాలి. ఆ పెట్టె తెలిసినవాడు నా దగ్గర ఒక్కడే, వాడిని పై సంస్థవారు ఎక్కువ జీతమిచ్చి లాక్కున్నారు.

ఉప్పుచేప
కెనడాకేనా?

నల్లకోటు
ఇంత సేపు మెయిళ్లు తిరిగిరావడం గురించే మాట్లాడుతున్నారు. చిరునామా అంటే మనిషి అనుకోవడం వల్ల జరిగే ఘోరం వేరే ఉంది. 2007లో బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని పుణె పోలీసులు పట్టుకెళ్లారు. అప్పటి ఆర్కుట్ అనే సోషల్ సైటులో శివాజీని కించపరిచే బొమ్మ పెట్టాడని. ఐపీ చిరునామాను బట్టి నెట్ సంస్థ ఇచ్చిన ఖాతాదారు వివరాలు తప్పు. అతడు 50 రోజులు జైల్లో ఉన్న తరువాత బయటికొచ్చాడు. అప్పట్లో ఈ పంచుకునే గొడవ ఇంతగా లేదు, అయినా అంత పని జరిగింది.

ఇప్పుడు ఒక్క చిరునామా వెనక వందల ఇళ్లుంటే, పోలీసు ఉత్తరంలో చిరునామా, తేదీ ఉంటే సరిపోదు. ఆ క్షణంలో ఆ కనెక్షన్‌కు ఇచ్చిన పోర్టు నంబరు, సెకన్లతో సహా సమయం ఉండాలి. ఆ సమయం మనదా, గ్రీనిచ్‌దా కూడా రాయాలి. అయిదున్నర గంటల తేడాలో ఆ పోర్టు ఎన్ని ఇళ్లు తిరిగి ఉంటుందో! ఐరోపా దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్ 2017లో ఇదే మొర పెట్టుకుంది, సీజీనాట్ వల్ల ఎవరు ఎవరో తేల్చలేకపోతున్నామని. మన దగ్గర 2022 ఏప్రిల్ 28న కేంద్రప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం ప్రకారం లాగ్‌లు, అంటే యంత్రాలు రాసుకునే రికార్డులు, 180 రోజులు దాచాలి. దాచినంత మాత్రాన సరిపోదు, చదవడం రావాలి.

తీగల_మనిషి
నాకు వచ్చిన ఉత్తరాల్లో పోర్టు నంబరు అడిగినవాళ్లు అరుదు. "ఈ చిరునామా ఎవరిది, వెంటనే తెలపండి" అనే ఉంటుంది. అందరిదీ అని రాస్తే కోపం.

లెక్కల_పుస్తకం
587 పెట్టించాను. బిల్లులు వెళ్తున్నాయి. కాలేజీ_మెయిలు గారూ, మీ జాబితా మీద కోపం పోలేదు గానీ మీ మీద పోయింది. ఇక తెనాలి సంగతి. ఆయన మెయిలును ముందుకు పంపితే హెడర్ రాదట కదా, మా అబ్బాయిని పంపి అక్కడే తీయించాను. పంపిన చోటు మా సర్వర్ కాదు, విదేశంలో ఏదో అద్దె సర్వర్. పేరు మాత్రం మా ఆఫీసుది. నన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటంటే, దాని కింద పోయిన మార్చిలో నేనూ ఆయనా టీడీఎస్ గురించి రాసుకున్న ఉత్తరాలు అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. "ఇదిగో మీరడిగిన కాగితం" అని పైన ఒక్క వాక్యం, జతగా జిప్పు. ఆయన తెరవక ఏం చేస్తారు?

పసుపు_బస్తా
అయ్యా, అది వైరస్‌తో ఆగేది కాదు. మా బావమరిదికి మిర్చి ఎగుమతుల వ్యాపారం ఉంది. విదేశంలో కొనేవాడితో నడుస్తున్న ఉత్తరాల మధ్యలోకి ఎవడో దూరి, అదే భాషలో, అదే సంతకంతో, "ఆడిట్ జరుగుతోంది, ఈసారి ఈ ఖాతాకు పంపండి" అని రాశాడు. మెయిలు చిరునామాలో ఒక్క అక్షరం తేడా. అవతలివాడు పంపేశాడు. సరుకు పోయింది, డబ్బు పోయింది, ఇప్పుడు ఇద్దరూ ఒకరినొకరు దొంగ అనుకుంటున్నారు. మీ క్లయింట్లందరికీ ఫోను చేసి చెప్పండి, మెయిల్లో ఖాతా నంబరు మారితే మీ గొంతు వినకుండా రూపాయి పంపవద్దని. ఎవరైనా ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి.

రాత్రి_షిఫ్టు
పాత ఉత్తరాలు ఉన్నాయంటే ఎవరిదో ఒకరి మెయిలు పెట్టె దోచారు. ఎమోటెట్ అనే వైరస్ ఈ విద్యలో ఆరితేరింది. 2014లో బ్యాంకు పాస్‌వర్డులు దొంగిలించడానికి పుట్టి, తరువాత ఇలా పాత ఉత్తరాలకు జవాబులు రాయడం మొదలుపెట్టింది. 2021 జనవరిలో యూరోపోల్, మరికొన్ని దేశాల పోలీసులు కలిసి దాని సర్వర్లు పట్టుకున్నారు. నవంబరుకల్లా మళ్లీ వచ్చింది. దాన్ని చూసి మిగతావాళ్లూ నేర్చుకున్నారు. 2022లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఆఫీస్ ఫైళ్లలో మాక్రోలు (ఫైలు లోపల దాగే చిన్న ప్రోగ్రాములు) ఆపేశాక జిప్పులు, వన్‌నోట్ ఫైళ్లు ఎక్కువయ్యాయి.

నా అనుమానం మీ ఆఫీసు మీదే.

పాత_మోడెం
నాకు అలా అనిపించడం లేదు. ఆ ఉత్తరాలు ఇద్దరి దగ్గరా ఉన్నాయి. తెనాలి ఆయన పెట్టె ముందే దోచి ఉంటే? మిగతా క్లయింట్లలో ఎవరికైనా ఇలాంటిది వచ్చిందా కనుక్కోండి. మీ పెట్టె పోయి ఉంటే చాలామందికి వచ్చి ఉండాలి. ఆయన పెట్టె పోతే, ఆయనతో ఉత్తరాలు నడిపిన మిగతావారికి, అంటే ఆయన బ్యాంకుకూ, సరుకు ఇచ్చేవారికీ ఆయన పేరుతో వచ్చి ఉండాలి.

లెక్కల_పుస్తకం
మా క్లయింట్లలో ఇంకెవరికీ రాలేదు, ఫోన్లు చేసి కనుక్కున్నాను. తెనాలి ఆయనకు బియ్యం వేసే మిల్లు వారికి మాత్రం ఆయన పేరుతో రెండు వచ్చాయట. ఆయనకు చెబితే కాసేపు మౌనం. తరువాత "మా మేనల్లుడు దానిలో ఏవో ఆటలు పెట్టాడు" అన్నారు.

రాత్రి_షిఫ్టు
పాత_మోడెం గారికి నమస్కారం. అయితే ఆయన ఆ కంప్యూటర్ నుంచి కాకుండా వేరే ఫోను నుంచి మెయిలు పాస్‌వర్డ్ మార్చాలి, రెండో అంచె లాగిన్ పెట్టుకోవాలి. మెయిలు సెట్టింగుల్లో ఫార్వర్డింగ్ అని ఒకచోట ఉంటుంది, అక్కడ తెలియని చిరునామా ఏదైనా ఉందేమో తప్పక చూడాలి. పాస్‌వర్డ్ మార్చినా ఆ పైపు అలాగే ఉండిపోతుంది. కంప్యూటర్ శుభ్రం చేయడానికి ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో ఉచిత పరికరాలున్నాయి. నన్నడిగితే విండోస్ మొత్తం తీసి మళ్లీ వేయడమే మేలు.

అత్తిలి_అబ్బాయి
నా దగ్గరా ఇలాంటి జిప్పు ఒకటి వచ్చింది. లోపల ఏముందో పెద్దలు చూసి చెబుతారని కింద జత చేస్తున్నాను.

వేదిక_నిర్వాహకుడు
అత్తిలి_అబ్బాయి జత చేసిన ఫైలు తీసేశాను. అప్పటికే ముగ్గురు దించుకున్నారు, ఆ ముగ్గురూ తెరవకుండా చెరిపేయండి. వైరస్ నమూనాలు ఇక్కడ పెట్టవద్దు, మంచి ఉద్దేశంతోనైనా సరే. పరీక్షించాలంటే ఫైళ్లలో వైరస్ ఉందేమో చూసే సైటు వైరస్‌టోటల్‌లో వేసుకోండి. క్లయింట్ల కాగితాలు మాత్రం అక్కడ వేయకండి, వేసినవి ఇతరులు కూడా చూడగలరు.

అత్తిలి_అబ్బాయి
నా ఖాతా మూసేస్తారా?

వేదిక_నిర్వాహకుడు
మూయను. మీ ఐపీ కూడా ఆపను, మీ చిరునామాతోనే ఇంకో ఇద్దరు పాత సభ్యులు వస్తున్నారు.

ఉప్పుచేప
అందులో నేనొకడిని కాదని ప్రకటిస్తున్నాను.

కాలేజీ_మెయిలు
లెక్కల_పుస్తకం గారూ, మీ డొమైన్‌కు (మెయిలు చిరునామాలో @ తరువాతి పేరుకు) ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ ఉన్నాయా? మొదటిది మీ పేరుతో ఏ సర్వర్లు పంపవచ్చో చెబుతుంది. రెండోది ప్రతి మెయిలుకూ సంతకం వేస్తుంది. మూడోది ఆ రెండూ తప్పితే ఏం చేయాలో అవతలివారికి చెబుతుంది. రోజుకు 5,000 దాటి పంపేవారికి జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి మూడూ తప్పనిసరి చేసింది. మీరు అంత పంపకపోయినా మొదటి రెంటిలో ఒకటైనా ఉండాలి.

పసుపు_బస్తా
అవన్నీ పెట్టుకున్నా మా బావమరిది మునిగేవాడే. దొంగ వాడింది వాడి సొంత డొమైన్, ఒక్క అక్షరం తేడాతో. దానికి ఎస్‌పీఎఫ్ వాడే పెట్టుకుంటాడు, సంతకమూ వాడే వేసుకుంటాడు. అన్ని పరీక్షలూ పాసై వస్తుంది.

కాలేజీ_మెయిలు
నిజమే. తెనాలి మెయిల్లో కూడా పేరు మాత్రమే ఆఫీసుదై, పక్కన చిరునామా వేరేదైతే డీమార్క్ నోరెత్తదు. ఫోన్లలో పేరు ఒక్కటే కనిపిస్తుంది, నొక్కితే గానీ చిరునామా కనపడదు. అది నా సర్వర్ ఆపలేదు.

లెక్కల_పుస్తకం
చూశాను, పేరు మాత్రమే మాది. చిరునామా ఎక్కడిదో. సరే, ఎస్‌పీఎఫ్ అయినా పెడదామని హోస్టింగ్ పేజీ తెరిస్తే ఒకటి ముందే ఉంది. ఎస్సెమ్మెస్, మెయిళ్లు పంపే ఇంకో సంస్థ వారు తమది కూడా చేర్చమని వేరే వరుస ఇచ్చారు. దాని కింద ఇది కూడా పెట్టేస్తే సరిపోతుందా?

కాలేజీ_మెయిలు
వద్దు. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ వరుస ఒక్కటే ఉండాలి. రెండు పెడితే రెండూ చెల్లవు. ఉన్న వరుసలోనే, చివర ఆల్ అనే మాటకు ముందు వారి సర్వర్లనూ చేర్చే ఇన్‌క్లూడ్ ముక్కను ఇరికించండి. అన్నీ కలిపి డీఎన్ఎస్ (డొమైన్ వివరాల పట్టిక) వెతుకులాటలు పది దాటకూడదు, కాబట్టి కెనడా కుర్రాడు పెట్టిన పాత ఇన్‌క్లూడ్‌లు ఏవైనా ఉంటే తీసేయండి. డీమార్క్‌ను ముందు పీ సమానం నన్ (ఏదీ ఆపవద్దు) అని పెట్టి, వచ్చే నివేదికలు కొన్ని వారాలు చూశాకే క్వారంటైన్‌కు (అనుమానమున్నవి పక్కన పెట్టు అనేదానికి) మార్చండి. 20వ తేదీ లోపు ముట్టుకోకండి.